ఒక్క పాప కోసం వయల్ ఓపెన్ చెయ్యాలా? టీకాల వేస్టేజ్ మీద మీ ప్రశ్నలు

గత నెల ఈ పేజీలో తట్టు టీకా గురించి రాస్తూ, వయల్ (టీకా మందు సీసా) ఒకసారి నీళ్లు కలిపాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారెయ్యాల్సిందే అని ఒక్క లైను రాశాను. ఆ లైను పట్టుకుని ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. తల్లులు అడిగారు, ఏఎన్‌ఎంలు అడిగారు, కోవిడ్ టైంలో పేపర్లలో వచ్చిన లెక్కలు ఇంకా గుర్తున్నవాళ్లు కూడా అడిగారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

మా పాపకి నెలన్నర. ప్రైవేటు నర్సింగ్ హోంలో పుట్టింది, అక్కడ బీసీజీ వెయ్యలేదు. మొన్న బుధవారం ఊళ్లో టీకాలు వేస్తుంటే తీసుకెళ్లాను. "బీసీజీకి ఇవాళ మీ పాప ఒక్కతే ఉందమ్మా, వయల్ ఓపెన్ చేస్తే తొమ్మిది డోసులు వేస్ట్ అయిపోతాయి, వచ్చే నెల రండి" అన్నారు. మందు ఉండి కూడా వెయ్యకపోవడం కరెక్టేనా డాక్టర్ గారూ?
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

కరెక్ట్ కాదమ్మా. ఒక్క బిడ్డ వచ్చినా సరే వయల్ ఓపెన్ చేసి టీకా వెయ్యాల్సిందే, మన జాతీయ టీకాల కార్యక్రమం గైడ్‌లైన్సే అలా చెప్తాయి. సీట్లు నిండలేదని పల్లెవెలుగు బస్సుని డిపోలోనే ఆపేస్తామా, ఇదీ అంతే.

అయితే ఆ ఏఎన్‌ఎం మీద కోపం తెచ్చుకోకండి, ఆవిడ భయం ఎక్కడిదో నాకు తెలుసు. బీసీజీ పొడి రూపంలో వస్తుంది, సెలైన్ నీళ్లు కలిపి వెయ్యాలి, గవర్నమెంటు సప్లైలో ఒక్కో వయల్‌లో పది డోసులు ఉంటాయి, కలిపిన క్షణం నుంచి నాలుగు గంటలు దాటితే పనికిరాదు. సాయంత్రం రిజిస్టర్‌లో "వాడింది ఒకటి, పారేసింది తొమ్మిది" అని రాయాలి, నెలాఖరు మీటింగ్‌లో అందరి ముందు "ఏంటమ్మా నీ దగ్గర ఇంత వేస్టేజ్" అని అడుగుతారు. అక్కడ మాట పడటం కంటే ఇక్కడ ఒక తల్లిని వెనక్కి పంపడం ఈజీ అనిపిస్తుంది, ఎందుకంటే వెనక్కి వెళ్లిన తల్లికి ఏ రిజిస్టర్‌లోనూ కాలమ్ లేదు. పారేసిన డోసు లెక్కలోకి వస్తుంది గానీ వెయ్యని డోసు ఎక్కడా కనిపించదు. ఈ మొత్తం సబ్జెక్ట్‌లో నాకు చిరాకు తెప్పించేది ఇదొక్కటే.

నిజానికి బీసీజీకి 50 శాతం దాకా వేస్టేజ్ ఉండొచ్చని ప్రభుత్వమే ముందుగా లెక్కేసి మందు పంపిస్తుంది. పైగా ఉన్న టీకాల్లో బాగా చవకైన వాటిలో ఇదొకటి. మీరు ఆటో ఎక్కి, ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చిన ఖర్చు ఆ వయల్‌తో పోలిస్తే ఏం తక్కువ కాదు. బీసీజీ వేసేది ముఖ్యంగా పసిపిల్లల్లో మెదడుకి పాకే టీబీ లాంటి ప్రమాదకరమైనవి రాకుండా ఉండటానికి, కాబట్టి ఆలస్యం చేసే కొద్దీ లాభం తగ్గుతుంది.

ఇప్పుడేం చెయ్యాలంటే, వచ్చే నెల దాకా ఆగొద్దు. మన రెండు రాష్ట్రాల్లోనూ బుధవారం, శనివారం టీకాల రోజులే కదా, మీ ఆశా వర్కర్‌కి చెప్పి పాప పేరు టీకా వెయ్యాల్సిన పిల్లల జాబితా, అదే డ్యూ లిస్ట్‌లో ఎక్కించండి. అది కుదరకపోతే కాన్పులు ఎక్కువ జరిగే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, అక్కడ పుట్టిన పిల్లల కోసం బీసీజీ వయల్ ఎలాగూ తెరుస్తూనే ఉంటారు. ఏడాది లోపు ఎప్పుడైనా వేస్తారు.

సార్, నేను కొత్తగా జాయిన్ అయిన ఏఎన్‌ఎంని. వేస్టేజ్ పర్సంటేజ్ ఒక్కొక్కరు ఒక్కోలా వేస్తున్నారు. కొందరు సెషన్‌కి తీసుకెళ్లిన వయల్స్ మీద లెక్కేస్తారు, కొందరు ఓపెన్ చేసిన వాటి మీద, మా సీనియర్ అయితే "పోయిన నెల ఎంత వేశావో కాస్త అటూ ఇటూగా అదే వెయ్యి" అన్నారు. అసలు ఎలా వెయ్యాలి?
– శ్రీకాకుళం జిల్లా

మీ సీనియర్ సలహా అక్కడే వదిలెయ్యండి మేడం. ప్రతి నెలా 9.8, 9.7, 9.9 అని చక్కగా పది లోపు వచ్చే రిపోర్టులు నేనూ చాలా చూశాను, అవి చూడగానే వయల్స్ లెక్కపెట్టలేదని అర్థమైపోతుంది. నిజం లెక్క ఎప్పుడూ ఎగుడుదిగుడుగా ఉంటుంది.

పద్ధతి సింపులే. వాడకంలోకి వెళ్లిన డోసుల్లో పిల్లలకి పడినవి ఎన్ని శాతమో చూసి, ఆ శాతాన్ని వందలోంచి తీసేస్తే మిగిలేది వేస్టేజ్. తికమకంతా "వాడకంలోకి వెళ్లిన" అంటే ఏంటి అనే దగ్గరే. ఓపెన్ చెయ్యకుండా, చల్లదనం పోకుండా పీహెచ్‌సీకి వాపసు పంపిన వయల్ దీన్లోకి రాదు. ఉదాహరణకి శనివారం సెషన్‌కి మూడు బీసీజీ వయల్స్ తీసుకెళ్లారు, ఒకటి మూత తియ్యకుండానే వెనక్కి వెళ్లింది, రెండు తెరిచారు, అంటే 20 డోసులు. పిల్లలు 11 మంది వచ్చారు. వాడకం 55 శాతం, వేస్టేజ్ 45 శాతం, లిమిట్ 50 కాబట్టి మీమీద ఎవరూ అరవక్కర్లేదు. అదే మూడు వయల్స్ మీద లెక్కేస్తే 63 శాతం వేస్టేజ్ వస్తుంది, లేని వృథా నెత్తిమీద వేసుకున్నట్టు.

పెంటావలెంట్ (అయిదు జబ్బులకి ఒకే ఇంజక్షన్) లాంటివాటికి ఈ రోజు లెక్క కుదరదు, ఎందుకంటే సగం వాడిన వయల్ మళ్లీ టీకాలు దాచే ఫ్రిజ్, అదే ఐఎల్‌ఆర్‌లోకి వెళ్లి ఇంకో రోజు ఇంకో సెషన్‌కి వస్తుంది. వీటికి నెల లెక్కే కరెక్ట్. నెల మొదట్లో ఉన్న స్టాక్ 40 డోసులు, మధ్యలో వచ్చినవి 100, నెలాఖరుకి మిగిలినవి 30 అనుకోండి, అంటే ఖర్చైనవి 110. పిల్లలకి వేసినవి 102. తేడా 8 డోసులు, 7 శాతం చిల్లర.

ఈ సగం వాడిన వయల్ దాచుకోవడం మనకి 2013 నుంచి వచ్చిన సౌకర్యం, ఓపెన్ వయల్ పాలసీ అంటారు. అంతకుముందు సెషన్ అయిపోతే డీపీటీ అయినా టీటీ అయినా మిగిలింది చెత్తలోకే. 2010లో యూనిసెఫ్ కొన్ని రాష్ట్రాల్లో సర్వే చేస్తే బీసీజీ 61 శాతం, డీపీటీ 27 శాతం వృథా అవుతోందని తేలింది. ఇప్పుడు పెంటా, హెపటైటిస్ బి, టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా), పోలియో ఇంజక్షన్, న్యూమోకోకల్, చుక్కల మందు, ఇవన్నీ తెరిచాక 28 రోజుల దాకా వాడొచ్చు. కండిషన్లు మీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు: తెరిచిన తేదీ, టైం వయల్ మీద రాసి ఉండాలి, ఎక్స్‌పైరీ దాటకూడదు, వేడి తగిలిందో లేదో చెప్పే లేబుల్ గుర్తు, అదే వీవీఎం, బాగుండాలి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి, రబ్బరు మూత నీళ్లలో మునగకూడదు. ప్రాక్టికల్‌గా ఎక్కువ పాడుచేసేది మొదటిది. పెన్నుతో తేదీ రాయడం మర్చిపోతే మంచి మందు కూడా పారెయ్యాల్సిందే, ఎప్పుడు తెరిచారో ఎవరికి తెలుసు?

ఇండెంట్, అంటే కావాల్సిన మందు అడిగే చీటీ, వేసేటప్పుడు కూడా ఈ లెక్క పనికొస్తుంది. వందని, వందలోంచి వేస్టేజ్ తీసేస్తే వచ్చేదానితో భాగించండి. ఎంఆర్‌కి (తట్టు, రూబెల్లా టీకా) 25 శాతం అనుమతి కాబట్టి 100ని 75తో భాగిస్తే 1.33. మీ ఏరియాలో ఈ నెల ఎంఆర్ డోసులు 30 వెయ్యాలంటే 40 అడగాలి, అయిదు డోసుల వయల్స్ అయితే ఎనిమిది. అందరూ ఒక మాట మీద సమానంగా "పది వయల్స్ పంపండి" అనే అలవాటు పోతే సగం ఎక్స్‌పైరీలు తగ్గుతాయి.

ఇంకొకటి, పీహెచ్‌సీ దాకా స్టాక్ అంతా టీకాల నిల్వ చూపించే ఈవిన్ యాప్‌లో కనిపిస్తుంది, ఐఎల్‌ఆర్ ఉష్ణోగ్రతతో సహా. కానీ వయల్ మీ క్యారియర్‌లోకి వచ్చాక ఏమైందో చెప్పేది మీ రిజిస్టర్ ఒక్కటే. అందుకే అందులో అబద్ధం రాస్తే పైన ఎంత మంచి యాప్ ఉన్నా లాభం లేదు.

మా చిన్నప్పుడు మిగిలిన మందు దాచి మర్నాడు వేసేవారు. ఎవరికీ ఏం కాలేదు. పేద దేశంలో ఇలా నాలుగు గంటలకే పారెయ్యడం దుబారా కాదా?
– రిటైర్డ్ టీచర్, తెనాలి

ఏం కాని వాళ్లే ఆ మాట చెప్పడానికి మిగుల్తారు మాస్టారూ, అదే ఇక్కడ ఇబ్బంది. పెంటా లాంటి ద్రవ టీకాల్లో క్రిములు పెరగకుండా ప్రిజర్వేటివ్ ఉంటుంది. బీసీజీ, ఎంఆర్, జేఈ (మెదడువాపు) లాంటి పొడి టీకాల్లో ఉండదు. నీళ్లు కలిపాక సూది గుచ్చిన ప్రతిసారీ ఒక క్రిమి లోపలికి వెళ్లే ఛాన్స్ ఉంది, వెళ్తే గంటల్లో పెరుగుతుంది, విషం తయారవుతుంది.

2017లో దక్షిణ సూడాన్‌లో ఒక పల్లెలో తట్టు టీకా కార్యక్రమంలో 15 మంది చిన్నపిల్లలు చనిపోయారు. విచారణలో తేలిందేంటంటే, నాలుగు రోజుల పాటు మందు కలపడానికి ఒకే సిరంజి వాడారు, మందుని చల్లదనంలో పెట్టలేదు. టీకాలో లోపం లేదు, కలిపి దాచిన పద్ధతిలో ఉంది. నాలుగు గంటల రూల్ వల్ల పోయే డోసుల్ని నేనైతే వృథా కింద లెక్కే వెయ్యను, అది టీకా ధరలో భాగం అనుకోవాలి అంతే.

మా ఐఎల్‌ఆర్‌లో ఎవరో పెంటా బాక్సులు బుట్టలో కాకుండా అడుగున పెట్టారు. పొద్దున చూస్తే కొన్ని వయల్స్ గడ్డకట్టాయి. బయట పెడితే కరిగి మామూలుగా అయ్యాయి, వీవీఎం కూడా తెల్లగానే ఉంది. పారేస్తే వేస్టేజ్ చూపించాలి. వాడేసుకోవచ్చా?
– పీహెచ్‌సీ ఫార్మసిస్ట్

వద్దు, ఒక్కటి కూడా వాడొద్దు. వీవీఎం, అదే లేబుల్ మీద గుండ్రం మధ్యలో ఉండే చిన్న చదరం, అది వేడి తగిలిందా లేదా అన్నదే చెప్తుంది. లోపలి చదరం రంగు బయటి గుండ్రం రంగుతో సమానం అయితే పారెయ్యాలి. చలి సంగతి దానికి తెలీదు. పెంటా గడ్డకట్టి కరిగినా వీవీఎం నిక్షేపంగా తెల్లగానే ఉంటుంది, మీకు కనిపించింది అదే.

పెంటా, హెపటైటిస్ బి, టీడీల్లో అల్యూమినియం లవణం ఉంటుంది, టీకా పనిచెయ్యడానికి అదే ఊతం. గడ్డకడితే ఆ లవణం ముద్దలు కట్టేస్తుంది, మళ్లీ ముందులా కలవదు, ఆ టీకా బలం పోతుంది. గడ్డకట్టినట్టు కళ్లతో చూశారు కాబట్టి ఇంక పరీక్షలతో పని లేదు. అనుమానం మాత్రమే ఉన్నప్పుడు షేక్ టెస్ట్ చేస్తారు, మీకు తెలిసే ఉంటుంది గానీ మిగతా పాఠకుల కోసం చెప్తా. అదే టీకా, అదే బ్యాచ్ వయల్ ఒకటి తీసుకుని కావాలని డీప్ ఫ్రీజర్‌లో రాయిలా గడ్డకట్టించి కరిగిస్తారు. దాన్నీ, అనుమానం ఉన్నదాన్నీ ఒకే చేత్తో పట్టుకుని పది పదిహేను సెకన్లు గట్టిగా ఊపి టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూస్తారు. కావాలని గడ్డకట్టించిన దాంట్లో తెల్లటి మడ్డి గబగబా అడుక్కి దిగిపోయి పైన నీళ్లు తేటగా కనిపిస్తాయి. రెండోది కూడా అదే స్పీడులో దిగితే అది పోయినట్టే. ఇంకా పాలలా తెల్లగా నిలబడి నెమ్మదిగా దిగుతుంటే బాగున్నట్టు.

నన్నడిగితే డిపార్ట్‌మెంట్ కోప్పడాల్సింది ఇలాంటి వేస్టేజ్ మీద. ఒక పాప కోసం తెరిచిన బీసీజీలో తొమ్మిది డోసులు పోవడం వేరు, ఎవరికీ వెయ్యకుండా మూత కూడా తియ్యకుండా గడ్డకట్టి, ఎండకి పాడై, ఎక్స్‌పైరీ అయిపోయి పోవడం వేరు. తెరవని వయల్ వృథా ఒక్క శాతం కూడా దాటకూడదు, దాటితే ఎక్కడో ఎవరో పని సరిగ్గా చెయ్యనట్టే. కానీ మన రిపోర్టుల్లో రెండూ కలిపేసి ఒకే శాతం వేస్తారు, దాంతో అసలు దొంగ దొరకడు.

గడ్డకట్టడం ఎక్కువగా జరిగేది మరో చోట కూడా ఉంది, వ్యాక్సిన్ క్యారియర్‌లో. డీప్ ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్ డైరెక్ట్‌గా పెట్టేస్తారు, పొద్దున్నే బండి రెడీగా ఉంటుంది, తొందర. ఐస్‌ప్యాక్ బయట పెట్టి దానికి చెమట పట్టాలి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి, అప్పుడే క్యారియర్‌లో పెట్టాలి. ఎండాకాలంలో త్వరగా అవుతుంది, చలికాలంలో టైం పడుతుంది. పారేసిన వయల్స్ మాత్రం గడ్డకట్టినవి అని కారణంతో సహా రాయండి, దాచొద్దు.

కోవిడ్ టైంలో తెలంగాణ 17 శాతం టీకాలు వేస్ట్ చేసిందన్నారు, కేరళ మైనస్‌లో ఉందన్నారు. వృథా మైనస్ ఎలా అవుతుందండీ?
– హైదరాబాద్

బాగా గుర్తుపెట్టుకున్నారు. 2021 మార్చి 17న ప్రధాని ముఖ్యమంత్రులతో మాట్లాడినప్పుడు తెలంగాణ 17.6 శాతం, ఆంధ్రప్రదేశ్ 11.6 శాతం, దేశం సగటు 6.5 శాతం అని లెక్కలు బయటికొచ్చాయి. అప్పట్లో మనవాళ్లని అందరూ ఆడిపోసుకున్నారు. నా ఉద్దేశంలో ఆ రోజులు వేరు. కోవాగ్జిన్ అప్పట్లో 20 డోసుల వయల్‌లో వచ్చేది, పేరు రాయించుకున్న వాళ్లలో చాలామంది భయపడి వచ్చేవారు కాదు, వయల్ తెరిస్తే నాలుగు గంటలే. సాయంత్రం నాలుగింటికి ఇద్దరు ముసలివాళ్లు వస్తే నర్సు ఏం చెయ్యాలి, వెనక్కి పంపాలా?

ఇక మైనస్ సంగతి. కోవిషీల్డ్ వయల్ మీద పది డోసులని ఉంటుంది గానీ, సిరంజిలో కాస్త పోతుందని కంపెనీ కొంచెం ఎక్కువే నింపుతుంది. చెయ్యి తిరిగిన నర్సు జాగ్రత్తగా తీస్తే పదకొండో డోసు కూడా వస్తుంది. కేరళకి ఆ మే నెల మొదటికి 73,38,806 డోసులు అందితే 74,26,164 డోసులు వేశామని ముఖ్యమంత్రి పినరయి విజయన్ చెప్పారు. అందినదాని కంటే 87 వేల పైచిలుకు ఎక్కువ! అది నిజంగా నర్సుల గొప్పతనమే. ఒక్క షరతు, పదకొండోది ఒకే వయల్‌లోంచి పూర్తి అర ఎంఎల్ రావాలి, రెండు వయల్స్‌లో అడుగున మిగిలినవి కలిపి ఒక డోసు చెయ్యకూడదు.

ఇదే మే నెలలో జార్ఖండ్ 37.3 శాతం వృథా చేసిందని కేంద్రం అంటే, కాదు మాది 4.65 శాతమే అని జార్ఖండ్ అంది. ఇంత తేడానా అనుకోకండి. వేసిన డోసు కోవిన్‌లో ఎక్కకపోతే, అది ఎవరి చేతిలోనో పడినా సరే పైన చూసేవాళ్లకి వృథాలాగే కనిపిస్తుంది. నెట్ సరిగ్గా లేని ఊళ్లలో ఇది మామూలే. తర్వాత జూన్ 21 నుంచి వచ్చిన కొత్త విధానంలో, వృథా ఎక్కువుంటే రాష్ట్రానికి కోటా తగ్గుతుందని పెట్టారు. ఉద్దేశం మంచిదే గానీ, అంకెకి శిక్ష పెడితే అంకెని దిద్దుకునే పని మొదలవుతుందని నా అనుమానం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఈ గొడవంతా లేకుండా అన్నీ ఒక్క డోసు వయల్స్‌లో ఇచ్చేయొచ్చు కదా?
– విజయనగరం

ఇవ్వొచ్చు, డబ్బుంటే, చోటుంటే. పది డోసుల సీసా ఒకటి పట్టే చోట పది సీసాలు పట్టవు, పీహెచ్‌సీ ఐఎల్‌ఆర్ ఒక ఇంట్లో బీరువా అంత కూడా ఉండదు, డోసు ధర కూడా పెరుగుతుంది. మధ్యే మార్గం ఉంది. జాంబియాలో తట్టు టీకాని పది డోసుల నుంచి అయిదు డోసుల వయల్‌కి మార్చి చూస్తే వృథా సుమారు సగానికి తగ్గింది, టీకా వేయించుకున్న పిల్లల శాతం కూడా పెరిగింది. వయల్ తెరవడానికి నర్సులు వెనకాడటం తగ్గితే అలాగే అవుతుంది మరి. చిన్న తండాలకీ, ఏజెన్సీ గూడేలకీ చిన్న వయల్స్, బస్తీలకీ పెద్ద ఆసుపత్రులకీ పెద్ద వయల్స్ అని విడదీసి పంపితే మన దగ్గరా బాగుంటుందని నేను అంటూనే ఉంటాను, స్టోర్ వాళ్లు రెండు రకాలు మెయింటైన్ చెయ్యలేం అంటారు, వాళ్ల బాధ వాళ్లది.

మా బాబుకి పోలియో ఇంజక్షన్ చేతి మీద చర్మంలోకి చుక్కంత వేశారు. మా అన్నయ్య పిల్లలకి బయట ప్రైవేటులో అర ఎంఎల్ వేశారట. మందు ఆదా చెయ్యడానికి మా పిల్లాడికి తగ్గించి వేస్తున్నారా?
– కరీంనగర్

ఆదా అయ్యేది నిజమే, కానీ మీ బాబుకి నష్టం లేదు. చర్మం పొరలో 0.1 ఎంఎల్ వేస్తారు, మామూలు డోసులో అయిదో వంతు. చర్మంలో రోగనిరోధక కణాలు ఎక్కువ కాబట్టి ఈ చిన్న డోసు రెండుసార్లు వేస్తే, ఒకసారి వేసిన పూర్తి డోసు కంటే మెరుగ్గా పనిచేస్తుందని వేరే దేశాల్లో చేసిన పరీక్షల్లో కూడా తేలింది. 2016లో ప్రపంచమంతా పోలియో ఇంజక్షన్ కొరత వచ్చినప్పుడు మన దేశంలో మొదట ఈ పద్ధతిలోకి మారిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. అదే ఏడాది జూన్‌లో హైదరాబాద్ మురుగునీళ్లలో టైప్ 2 పోలియో వైరస్ జాడ దొరికితే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో వారం రోజుల్లో మూడు లక్షల మందికి పైగా పిల్లలకి ఈ చిన్న డోసే వేశారు. అయిదు డోసుల వయల్‌తో 25 మందికి వెయ్యగలిగారు కాబట్టే అంత త్వరగా అయింది.

మీ బాబుకి ఆరో వారం, పద్నాలుగో వారం డోసులు పడ్డాయో లేదో కార్డులో చూసుకోండి. 2023 నుంచి మూడోది కూడా ఇస్తున్నారు, తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్‌తో పాటు అదే రోజు వేస్తారు. మొదటి రెండూ కుడి చేతికి వేస్తారు, ఇది మాత్రం ఎడమ చేతికి.